పదకొండు ఆకుల కాపలా

మునినారాయణప్ప ఎవరినీ నమ్మడు. ఇది పక్కింటివాళ్ళు వేసిన నింద కాదు, ఆయనే ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట. ముప్పై ఒక్క ఏళ్ళు బెంగళూరు సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి మరి! బస్సెక్కి అటూ ఇటూ ఒక్క చూపు చూస్తే చాలట, టికెట్టు లేనివాడెవడో మెడ వెనకభాగం చూసి చెప్పేసేవాడట. ఉద్యోగం వదిలి తొమ్మిదేళ్ళయినా చూపు మాత్రం రిటైరు కాలేదు. పాల ప్యాకెట్టు వస్తే వేళ్ళతో నొక్కి చూస్తాడు. కూరగాయల బండివాడు తూకం వేస్తుంటే త్రాసు వంక చూడడు, వాడి మోచెయ్యి వంక చూస్తాడు. గుడికి పోతే చెప్పులు ఒకటి ఈ మూల, ఇంకొకటి ఆ మూల వదులుతాడు. జత కుదరకపోతే దొంగ ఏం చేసుకుంటాడని ఆయన లెక్క.

ఇలాంటి ఇంట్లో పనిమనిషి నిలుస్తుందా? నిలవలేదు. ఆరుగురు వచ్చారు, ఆరుగురూ పోయారు. ఒకామె సబ్బు అరిగిందన్న మాటకు, ఒకామె చక్కెర తరిగిందన్న మాటకు. ఆఖరామె అయితే ఇంగువ డబ్బా మీద ఆయన పెన్నుతో గీత గీసిపెట్టడం చూసింది. "నీ ఇంగువ నువ్వే వాసన చూసుకో సామీ" అని చీపురు అక్కడికక్కడే పారేసి వెళ్ళిపోయింది.

ఏడో మనిషి చెన్నమ్మ. మడకశిర వైపు నుంచి భర్తతో, చిన్న కూతురితో కూలిపనులకు వచ్చి, హెబ్బగోడిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. రెండు బస్టాపులు దాటితే మునినారాయణప్ప ఇల్లు. ఆమె రెండేళ్ళుగా నిలిచిందంటే కారణం ఒకటే, ఆమెకు నోరుంది. ఆయన ఒకటంటే ఆమె రెండంటుంది. అన్నాక ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు.

మునినారాయణప్ప భార్య పేరు బేబీ. అరవై మూడేళ్ళు వచ్చినా బేబీయే. పాపం ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, పది నిమిషాలు నిలబడితే గోడ పట్టుకోవాల్సిందే. ఆరో పనిమనిషి పోయాక మూడు నెలలు ఆ మోకాళ్ళతోనే అంట్లు తోమింది. అందుకే చెన్నమ్మ పనిలో చేరిన రోజే మొగుడికి వేలు చూపించి మరీ చెప్పింది.

"ఇదిగో చూడయ్యా, ఈ పిల్లను కూడా తరిమినావంటే ఇంకొకరిని నేను వెతికేది లేదు. ఆ సింకు కాడనే పడిపోతా. అప్పుడు నన్ను ఎవురు తోసినారో చెకింగు చేసుకుందువు."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకుంటే మాత్రం? పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఇట్లా రోజులు గడుస్తుండగా కోడలు గీతాంజలి ఇంటికి ఒక మొక్కను తెచ్చింది. గీతాంజలిది నల్గొండ వైపు. ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొక్క పేరు కలేథియా. అరచేతికన్నా పెద్ద ఆకులు, వాటిమీద ఎవరో తీరిగ్గా కూర్చుని కుంచెతో గీసినట్టు లేత చారలు, తిప్పి చూస్తే వెనకంతా వంకాయ రంగు. చూడడానికి ముచ్చటగానే ఉంది.

"పువ్వు పూస్తుందా?" అంది బేబీ.

"పూయదత్తయ్యా, ఇండోర్ ప్లాంట్. దీనికి ఎండ పడదు, మామూలు నీళ్ళు పడవు, గాలి ఎక్కువైనా పడదు. కొంచెం నఖరాలు ఎక్కువ దీనికి."

"పూయదు, కాయదు, ఏదీ సరిపడదు, సుమ్నే ఊరికే మూలన కూర్చుంటుంది. అట్లాంటిది మన ఇంట్లో ముందే ఒకటుండాది గదమ్మా" అని బేబీ మొగుడి వైపు చూసింది.

మునినారాయణప్ప ఆ మాట పట్టించుకోలేదు. ఆయన అప్పటికే మొక్కను అనుమానించడం మొదలుపెట్టాడు. ఎందుకంటే ఆ సాయంత్రం ఆరున్నరకు హాల్లో లైటు వేసి చూస్తే, పగలంతా చాపల్లా పరుచుకున్న ఆకులన్నీ పైకి లేచి దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి.

"బేబీ! దీన్ని ఎవురు ముట్టుకున్నారు?"

ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున్న చూస్తే మళ్ళీ మామూలుగా పరుచుకుని ఉన్నాయి. ఈ సంగతేదో తేల్చుకుందామని ఆయన మూడు సాయంత్రాలు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళార్పకుండా చూస్తే ఒక్క ఆకూ కదలదు. కాఫీ గ్లాసు కోసం తల తిప్పి మళ్ళీ చూసేసరికి రెండు ఆకులు లేచి ఉంటాయి. "నేను చూస్తే కదలదు, చూడకుంటే కదులుతుంది. టికెట్టు లేనోడి లక్షణమే ఇది" అని తేల్చేశాడు. కొన్ని మొక్కలు అంతే మామయ్యా, రాత్రికి ముడుచుకుంటాయి అని గీతాంజలి ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

నెల తిరిగేసరికి గీతాంజలికి ఆరు వారాలు హైదరాబాదులో ఆఫీసు పని పడింది. కొడుకు హరి కూడా ల్యాప్‌టాప్ పట్టుకుని వెంట బయలుదేరాడు. కారెక్కే ముందు కోడలు మామగారి దగ్గరికి వచ్చి నిలబడింది.

"మామయ్యా, ప్లాంట్ మీకే అప్పజెప్తున్న. మూడు రోజులకొకసారి ఫిల్టర్ నీళ్ళు రెండు గ్లాసులు పోయాలె. పొద్దున ఆకుల మీద కొంచెం స్ప్రే కొట్టాలె. అంతే. మీరున్నరు గదా, నాకు టెన్షన్ లేదు. మీరు చూస్తుంటే దాని మీద ఈగ గూడ వాలదు."

అబ్బో, ఆ మాటకు మునినారాయణప్ప పొంగిపోయాడు! ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చూపును తిట్టినవాళ్ళే తప్ప మెచ్చుకున్నవాళ్ళు లేరు. కారు మలుపు తిరగకముందే లోపలికి వచ్చి ఆకులు లెక్కపెట్టాడు. పదకొండు. పాత డైరీ ఒకటి తీశాడు. చిన్న చిన్న కాగితం ముక్కలమీద నంబర్లు వేసి ఒక్కో ఆకు కాడకు ఒక్కొక్కటి అంటించాడు. 'ఒకటో నంబరు, కిటికీ వైపు. నాలుగో నంబరు, కొంచెం కుడికి వంగినది.' రోజూ పొద్దున్న ఆరింటికి తనిఖీ.

ఇక నీళ్ళ సంగతి. వంటింట్లో ఫిల్టరు మిషను ఉంది. ఆ మిషను ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వడానికి మూడు గ్లాసుల నీళ్ళు వేరే గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. ఈ లేఅవుట్‌లో బోర్లు ఎండి, ట్యాంకరు కోసం వీధి వీధంతా బిందెలు పట్టుకుని నిలబడ్డ ఎండాకాలం నుంచీ ఆ పారే నీళ్ళను సింకు కింద నీలం బకెట్టులో పట్టడం ఈ ఇంటి ఆచారం. వాటితోనే ఇల్లు తుడవడం, స్కూటరు కడగడం. మునినారాయణప్ప తాగే నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, మొక్కను చూశాడు, గ్లాసును చూశాడు. మనుషులు తాగేవి దీనికి పొయ్యడమా? బకెట్టులోవి మాత్రం ఎక్కడివి, అవీ ఆ మిషన్లోంచి వచ్చినవే గదా! వంగి బకెట్టులో ఒక చెంబు ముంచి పోశాడు. డైరీలో 'ఫిల్టరు నీళ్ళు, రెండు గ్లాసులు' అని రాసుకున్నాడు. స్ప్రే సీసాలోకీ ఆ నీళ్ళే.

తొమ్మిదో రోజు నాలుగో నంబరు ఆకు అంచు మాడింది.

మాడడమంటే ఎవరో అగరుబత్తితో అంచు వెంబడి కాల్చుకుంటూ పోయినట్టు. రెండు రోజుల్లో ఐదో నంబరుకూ అదే వచ్చింది. ఇంకేముంది, మునినారాయణప్ప కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. ఇది రోగం కాదు, ఎవరో చేస్తున్న పనే!

మొదటి అనుమానం పక్కింటి ఓబళప్ప మీదికి పోయింది. రోజూ పొద్దున్న తెలుగు పేపరు చదవడానికి వచ్చే మనిషి. ఒకరోజు వస్తూనే ఆకును గోటితో గిల్లి, "ప్లాస్టిక్కేమో అనుకున్నా గదప్పా" అన్నాడు. మర్నాటి నుంచి ఆయనకు పేపరు గేటు దగ్గరే ఇచ్చేయడం మొదలయింది. "ఏమప్పా, మీ మొక్కకు మంత్రులకిచ్చే సెక్యూరిటీ పెట్టినావా?" అని ఓబళప్ప నవ్వాడు. నవ్వేవాళ్ళను అసలు నమ్మకూడదు. కానీ ఓబళప్ప గేటు బయట ఉండగానే ఆరో నంబరు మాడింది కాబట్టి ఆయన మీద కేసు కొట్టేయక తప్పలేదు.

రెండో అనుమానం సొంత పెళ్ళాం మీద. ఒక మధ్యాహ్నం ఎండుమిరపకాయల ఘాటుకు దగ్గుతూ లేచి చూస్తే, బేబీ పిడికిట్లో ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని కుండీ చుట్టూ దిష్టి తీస్తోంది.

"ఏయ్, ఉప్పు ఎంత తీసుకున్నావు? పొయ్యిలో ఎంత ఏసినావు? కుండీలో ఎంత పడింది?" అని ఉరికాడు.

"ఒక్క రవ్వ పడలేదు గానీ, పక్కకు జరుగు."

"దీని మీద ఎవురి కండ్లు పడినాయని దిష్టి తీస్తాండావు?"

"ఊళ్ళోవాళ్ళ కండ్లు పడలేదయ్యా. నీ కండ్లే పడినాయి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అవే పడతాండాయి. ఆ దిష్టే తీస్తాండా" అంది బేబీ.

మిగిలింది చెన్నమ్మ. నిజం చెప్పాలంటే ఆయన మనసు మొదటి నుంచీ అటే లాగుతోంది, పెళ్ళాం మాటకు జడిసి ఆపుకున్నాడంతే. చెన్నమ్మ తుడిచే గుడ్డ కుండీకి జానెడు దూరంలోంచి పోతుంది. తుడిచే బకెట్టులో ఫినాయిలు కలుపుతుంది. పైగా రెండుసార్లు మొక్క ముందు నిలబడి తల ఒక పక్కకు వంచి చూసింది. ఎందుకు చూసినట్టు?

ఒకరోజు పొద్దున్నే ఆయన ముగ్గుపిండి తెచ్చి కుండీ చుట్టూ పల్చగా చల్లాడు. ఎవరి అడుగు పడితే వాళ్ళు దొరుకుతారు. చల్లి, స్నానానికి పోయి వచ్చేసరికి నేల అద్దంలా మెరుస్తోంది.

"ఎవురప్పా ఈడ పిండి పారబోసింది? తుడవలేక చచ్చినా" అంది చెన్నమ్మ, గుడ్డ పిండుతూ.

"ఎవురు తుడవమన్నారు నిన్ను?"

"తుడవకపోతే తుడవలేదంటావు, తుడిస్తే ఏంటికి తుడిచినావంటావు. ఏదో ఒకటి రాసి గోడకు అంటించప్పా, చూసుకుని చేస్తా. ఇంగొకటి. ఈ నీలం బకెట్టు నీళ్ళతో తుడిస్తే ఆరినాక నేలంతా తెల్లగా మరకలు పడతాండాయి. ఈ నీళ్ళు మంచివి కాదు. కొళాయి నీళ్ళు పట్టుకుంటా."

"పని ఎగ్గొట్టేదానికి సాకులు చెప్పద్దు. నీళ్ళు నీళ్ళే."

చెన్నమ్మ ఇంకేదో అనబోయింది. మొక్క వైపు ఒకసారి చూసి, ఆయన మొహం వైపు చూసి, ఊరుకుంది. ఊరుకోవడం ఆమె అలవాటు కాదు కాబట్టి మునినారాయణప్ప అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

మూడో వారానికి ఏడు ఆకులు మాడాయి. గీతాంజలి వీడియో కాల్ చేసి, "మామయ్యా, నా ప్లాంట్ చూపియ్యరా?" అంది. ఆయన ఫోను పట్టుకుని పోయి, కిటికీ వైపున్న నాలుగు మంచి ఆకులు మాత్రమే పడేట్టు వంకరగా నిలబడి చూపించాడు. "సూపర్ మామయ్యా!" అంది ఆ పిల్ల. ఫోను పెట్టేశాక చూసుకుంటే చొక్కా వీపున తడిసిపోయింది. టికెట్టు లేకుండా దొరక్కుండా దిగిపోయినవాడికి ఎట్లా ఉంటుందో ఆయనకు అరవై తొమ్మిదో ఏట తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గంతా కోపంగా మారి, కోడలు వచ్చేలోపు దొంగను పట్టి తీరాలని పట్టుబట్టాడు.

ఆయన చూపు ఎటు తిరుగుతోందో బేబీకి తెలియదా? నలభై ఏళ్ళ కాపురం. "చెన్నమ్మ జోలికి పోవద్దు. చెప్తాండా" అంది కంచంలో అన్నం పెడుతూ. ఆయన తలూపాడు, నమ్మించేట్టుగా.

ఆ శుక్రవారం తొమ్మిది గంటలకు ఇంకోసారి లెక్కపెడితే ఆకులు పదే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. పదే. ఏడో నంబరు ఆకు కాడ మొదలంటా కత్తెరతో కోసినట్టు నున్నగా తెగి ఉంది. మునినారాయణప్పకు కోపం రాలేదు, సంతోషం వేసింది. దొరికింది! బేబీ స్నానంలో ఉంది. చెన్నమ్మ మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. వంటింటి తలుపు వెనక ఆమె వైరు బుట్ట ఉంది.

సర్వీసులో ఉన్నప్పుడు ఆయన ఎన్ని సంచులు తెరిపించాడో లెక్క లేదు. అప్పుడు ఎదురుగా మనిషి ఉండేవాడు, నోరు తెరిచి అడిగేవాడు. ఇప్పుడు అడగలేదు. బుట్టమీద కప్పిన తువ్వాలు తీసి, ఒక్కొక్కటీ బయట నేలమీద పెట్టాడు. పళ్ళు విరిగిన దువ్వెన. మాత్రల అట్ట. బేబీ ఇచ్చిన రాత్రి చపాతీలున్న టిఫిను డబ్బా. కుట్టుకోవడానికి తెచ్చుకున్న పాత రవిక. దాని కింద పేపరులో చుట్టిన పొట్లం. విప్పితే ఏడో నంబరు ఆకు, కాడకు ఆయన చేత్తో అంటించిన కాగితం ముక్కతో సహా.

ఖాళీ బకెట్టుతో చెన్నమ్మ మెట్లు దిగి వచ్చేసరికి ఆయన ఆకును జెండాలా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేంది?"

ఆమె ఆకును చూడలేదు. నోరు తెరుచుకుని ఉన్న బుట్టనూ, నేలమీద పరిచి ఉన్న తన వస్తువులనూ చూసింది.

"నా బుట్ట తెరిచినావా అప్పా?"

"ముందు దీనికి జవాబు చెప్పు."

ఒకటంటే రెండనే చెన్నమ్మ ఒక్క మాటా అనలేదు. బకెట్టు గోడకు ఆనించి, కింద కూర్చుని, దువ్వెన తీసి బుట్టలో పెట్టుకుంది. మాత్రలు పెట్టుకుంది. టిఫిను డబ్బా మాత్రం తీసి సింకు పక్కన పెట్టేసింది. లేచి, "అమ్మకు చెప్పు, పోతాండానని" అని వెళ్ళిపోయింది. ఎండలో గేటు చప్పుడు వినిపించింది.

తడి జుట్టుతో వచ్చిన బేబీకి ఆయన ఆకు చూపించి జరిగింది గర్వంగా చెప్పాడు. బేబీ కుర్చీ వెతుక్కుని కూలబడింది.

"ఆ ఆకు కోసిచ్చింది నేను. ఆ పిల్ల గది పక్కన నర్సరీలో పనిచేసే ఎల్లయ్య ఉండాడంట. రోగమేందో చూపించి మందు అడుక్కురమ్మని నేనే కోసి పొట్లం కట్టి ఇచ్చినా. నీకు చెప్తే నన్ను కూడా నిలబెట్టి నూరు అడుగుతావని చెప్పలేదు."

మునినారాయణప్ప చేతిలోని ఆకును దించాడు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టలేదు. లేచి పోయి సింకు దగ్గర నిలబడి కొళాయి తిప్పింది.

శనివారం చెన్నమ్మ రాలేదు. ఆదివారం రాలేదు. ఫోను మోగుతుంది, ఎత్తరు. బేబీ ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంకో చేత్తో గిన్నెలు తోముతుంటే ఆయన పోయి చెయ్యి వేయబోయాడు. "నువ్వు ముట్టద్దు" అంది, అంతే. ఇల్లంతా ఆ గిన్నెల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. సోమవారం మధ్యాహ్నం ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. పరుగున పోయి చూస్తే బేబీ గోడ వెంబడి జారి నేలమీద కూర్చుని ఉంది, చేతిలో పీచు, కళ్ళలో నీళ్ళు. ఆయన చంకల కింద చేతులు వేసి లేపబోతే లేవలేకపోయింది. రెండోసారికి లేచింది.

"చెప్పినా గదయ్యా" అంది.

మునినారాయణప్ప భయపడ్డాడు. నిజంగా భయపడ్డాడు. ఈ మోకాళ్ళు ఇట్లా ఇంకో నెల నడవవని ఆయనకు అప్పుడు తెలిసింది, తెలిసేట్టు చేసింది కూడా తనేనని తెలిసింది.

మంగళవారం పొద్దున్నే కుండీని చంకన పెట్టుకుని హెబ్బగోడి బస్సెక్కాడు. మొక్క ఎందుకంటే, ఉత్త చేతులతో పోయి తప్పయిందని చెప్పడంకన్నా మందు కోసం వచ్చానని చెప్పడం తేలిక. కిటికీ పక్కన కూర్చుని మొక్కను ఒళ్ళో పెట్టుకుంటే కండక్టరు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. టికెట్టు తీసుకున్నాడు గదా, మళ్ళీ ఎందుకు చూస్తున్నట్టు? ఆ చూపు వీపున గుచ్చుకుంటూనే ఉంది దిగేదాకా.

ఎల్లయ్య నర్సరీలో మట్టి కలుపుతున్నాడు. యాభై దాటిన మనిషి. మొక్కను ఒక్క చూపు చూసి, కుండీలో పైమట్టి మీద గోటితో గీరాడు. తెల్లటి పొడి లేచింది. నాలిక కొసకు అంటించుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏం నీళ్ళు పోస్తాండావప్పా దీనికి?"

"ఫిల్టరు నీళ్ళే."

"ఫిల్టరులో ఏవి? తాగేవా, బయటికి పోయేవా?"

మునినారాయణప్ప కుండీ వంక చూస్తూ నిలబడ్డాడు. సర్వీసంతా జనం తన ముందు అట్లా నిలబడడం చూశాడు. ఆ నిలబడడమే జవాబు.

"నీళ్ళల్లో ఉండే ఉప్పంతా వడగట్టి బయటికి తోస్తాది గదప్పా ఆ మిషను. దాన్ని తెచ్చి మూడు దినాలకొకసారి తాపినావు. మనిషైనా మాడతాడు. పైమట్టి తీసేసి, మంచినీళ్ళు బాగా పోసి కిందికి కారిపోనీ. వాన నీళ్ళు దొరికితే ఇంకా మంచిది, బతుకుతాది" అన్నాడు ఎల్లయ్య. మళ్ళీ తనే, "చెన్నమ్మ శుక్రవారమే చెప్పింది లే" అన్నాడు.

"ఏం చెప్పింది?"

"'అన్నా, ఆకు తేలేకపోయినాను. అంచులు మాడతాండాయి, అప్ప నీలం బకెట్టు నీళ్ళు పోస్తాండాడు, నాకు దానిమీదే అనుమానం' అనింది. అయ్యుంటాది, పోయి చెప్పమన్నా. చెప్పబోతే పని ఎగ్గొట్టేదానికి అనుకుంటాడు అనింది."

శుక్రవారం. అంటే బుట్ట తెరిచాక, పని వదిలేసి పోయాక, ఆ రోజే వచ్చి మొక్క గురించి అడిగింది. మునినారాయణప్ప కుండీని గట్టిగా పట్టుకున్నాడు, పడిపోతుందేమోనని.

చెన్నమ్మ గది నర్సరీ వెనక సందులో. వరసగా పది గదులు, ముందు ఒకటే కొళాయి. ఆమె బియ్యం ఏరుతోంది. ఆయనను చూసి లేచి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"తప్పు నాదేనమ్మా. ఆ బకెట్టు నీళ్ళే."

"తెలుసప్పా."

"రేపటి నుంచి రామ్మా. బేబీ నిన్న కింద పడింది."

ఆమె చేతిలో చేట ఆగింది. "అయ్యో, దెబ్బ తగిలిందా?"

"లేదు. కానీ లేవలేకపోయింది."

చెన్నమ్మ కాసేపు బియ్యంలో వేళ్ళు తిప్పింది. "మొక్క సంగతి చెప్పినావు అప్పా. బుట్ట సంగతి చెప్పలేదే" అంది.

ఆయన నోరు తెరిచాడు. బస్సుల్లో సంచి తెరిపించి, ఏమీ దొరక్కపోతే 'సరే, పో' అనడమే తెలుసు. ఆ తర్వాత ఇంకో మాట ఉంటుందని ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయన నేర్చుకోనూ లేదు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టడం ఆపి చూస్తున్నారు.

"అమ్మ కోసం వస్తా" అంది చెన్నమ్మ చివరికి.

వచ్చింది. బేబీ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చినంత పని చేసింది. మొక్కకు మంచినీళ్ళు పడ్డాయి. మాడిన ఆకులు కోసేస్తే నాలుగు మిగిలాయి. ఎల్లయ్య చెప్పినట్టు రెండు వానలు పట్టి పోశారు. గీతాంజలి తిరిగొచ్చేనాటికి మధ్యలోంచి చుట్టచుట్టిన కొత్త ఆకు ఒకటి వేలెడు లేచింది. నాలుగు ఆకులు చూసి ఆ పిల్ల మొహం వాడింది గానీ, "పోనీలెండి మామయ్యా, మీరు చూసుకోబట్టి ఇదైనా దక్కింది" అంది. "నేను చంపినానమ్మా, చెన్నమ్మ బతికించింది" అన్నాడు మునినారాయణప్ప. బేబీ టీవీ మీది నుంచి చూపు తిప్పి ఆయనను వింతగా చూసింది.

ఆ మాట చెప్పడం తేలికే. సాయంత్రం నాలుగున్నర కావడమే కష్టం.

నాలుగున్నరకు చెన్నమ్మ పని ముగిస్తుంది. కాళ్ళూ చేతులూ కడుక్కుని, తలుపు వెనక నుంచి వైరు బుట్ట తెచ్చి ఆయన కూర్చునే బల్లమీద పెడుతుంది. పైన కప్పిన తువ్వాలు తీస్తుంది. ఒక్కొక్క వస్తువూ తీసి ఆయన ముందు వరసగా పెడుతుంది. తిరిగొచ్చిన మొదటి రోజు ఆయన కంగారుగా లేచాడు.

"ఏంటికమ్మా ఇది! మూసెయ్. నాకేం అనుమానం లేదు."

"లేకపోతే మంచిదే అప్పా. చూడు. చూసినాకనే పోతా."

కోపం లేదు ఆ గొంతులో. అదే ఆయనకు అర్థం కాలేదు. కోపముంటే తిట్టి పోయేది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఒకరోజు నాలుగు ఇరవైకే బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. అరగంట తర్వాత బయటికొస్తే ఆమె బల్ల పక్కన నేలమీద కూర్చుని ఉంది, బుట్ట ఒళ్ళో పెట్టుకుని. బస్సు పోయింది పాపం, నడిచి పోయింది ఆ రోజు. ఆ తర్వాత ఆయన దాక్కోలేదు.

"ఏందిది మామయ్యా? ఎందుకు చూపిస్తుంది?" అని గీతాంజలి ఒకసారి అడిగింది. బుట్ట తెరిచిన సంగతి ఆయన కోడలికి కూడా చెప్పలేకపోయాడు. బేబీ చెప్పగలదు, చెప్పలేదు.

ఇప్పటికి నాలుగు నెలలు. ఈరోజు కూడా నాలుగున్నర అయింది. దువ్వెన, టిఫిను డబ్బా, మందుల చీటీ, కూతురి కోసం కొన్న రబ్బరు బ్యాండ్లు. మునినారాయణప్ప ఒక్కొక్కటే చూశాడు, చూడకపోతే ఆమె కదలదు కాబట్టి. "సరేమ్మా" అన్నాడు. చెన్నమ్మ అన్నీ తిరిగి బుట్టలో సర్దుకుని, తువ్వాలు కప్పి, బస్సు కోసం బయలుదేరింది.